నడుం నొప్పి కాలిలోకి లాగుతోందా? ఈ 5 కోర్ వ్యాయామాలు మీ కోసమే.. మొదలుపెట్టే ముందు ఈ ఒక్క విషయం గమనించండి!

పొద్దున్నే మంచం దిగాలంటే నడుం పట్టేస్తుంది. కాసేపు కూర్చుని లేస్తే పిరుదు నుంచి పిక్క దాకా ఏదో తీగ లాగినట్టు ఉంటుంది. బైక్ మీద వెళ్తుంటే స్పీడ్ బ్రేకర్ వస్తోందంటేనే భయం. ఈ బాధ మీకు లేకపోతే మీ ఇంట్లో ఎవరో ఒకరికి ఉండే ఉంటుంది. చాలామంది ఇక్కడే రెండు తప్పులు చేస్తారు. కొందరు బెల్టు పెట్టుకుని రోజుల తరబడి పడుకుంటారు. ఇంకొందరు ఏదో వీడియో చూసి నొప్పి మీదే సిట్ అప్స్ మొదలుపెడతారు. ఈ రెండూ నడుముకు మేలు చేయవు. మరి ఏం చేయాలి? ఏ వ్యాయామం ఎలా చేయాలి? ఎప్పుడు ఆపాలి? డాక్టర్ దగ్గరికి ఎప్పుడు పరిగెత్తాలి? పూర్తిగా తెలుసుకుందాం.

నొప్పి పుట్టేది నడుంలో.. తెలిసేది కాలిలో!

నడుం భాగంలో 5 వెన్నుపూసలు ఉంటాయి. పూసకు, పూసకు మధ్య మెత్తని దిండులా డిస్క్ ఉంటుంది. కాలికి వెళ్లే నరాలు ఈ పూసల పక్క నుంచే బయటికి వస్తాయి. వాటిలో కొన్ని కలిసి సయాటిక్ నరంగా మారతాయి. మన శరీరంలో అన్నిటికన్నా లావైన నరం ఇదే. పిరుదు వెనక నుంచి, తొడ మీదుగా పిక్క వైపు దిగుతుంది. దాని కొమ్మలు పాదం దాకా వెళ్తాయి.

డిస్క్ ఉబ్బి గానీ, దాని లోపలి గుజ్జు బయటికి పొంగి గానీ నరం మొదలును నొక్కితే, నొప్పి ఆ నరం దారి పట్టుకుని కిందికి దిగుతుంది. దీన్నే సయాటికా అంటారు. ఆయుర్వేదంలో దీని పేరు గృధ్రసి. డిస్క్ సమస్యల్లో ఎక్కువ భాగం నడుం అడుగున ఉన్న రెండు చోట్లే వస్తాయి. ఎంఆర్‌ఐ రిపోర్టుల్లో ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 అని కనిపించేవి అవే.

దగ్గినా, తుమ్మినా కాలిలోకి కరెంట్ షాక్ కొట్టినట్టు అనిపించడం, ఎక్కువసేపు కూర్చుంటే పెరగడం దీని లక్షణాలు. నొప్పి కాలిలోనే ఉంది కదా అని కాలికి నూనె మర్దనా చేస్తూ కూర్చుంటే కాసేపు హాయిగా ఉండొచ్చు. కానీ అసలు సమస్య పైన నడుంలో ఉంటుంది.

రిపోర్టు చూసి బెంబేలెత్తొద్దు

ఎంఆర్‌ఐలో 'డిస్క్ బల్జ్' అని ఉండగానే చాలామంది ఇక జీవితం అయిపోయిందనుకుంటారు. కానీ 2015లో వచ్చిన ఓ పరిశోధన ఆసక్తికరమైన విషయం చెప్పింది. ఎలాంటి నడుం నొప్పీ లేని వారి స్కానింగ్ ఫలితాలను అందులో పరిశీలించారు. 20 ఏళ్ల వయసు వారిలోనే 30 శాతం మందికి డిస్క్ ఉబ్బు కనిపించింది. 80 ఏళ్ల వారిలో అది 84 శాతం. అంటే వయసుతో పాటు తల నెరిసినట్టే డిస్కులూ అరుగుతాయి. రిపోర్టులో మాట ఉన్నంత మాత్రాన నొప్పికి కారణం అదేనని అనుకోవద్దు. మీ లక్షణాలు, డాక్టర్ పరీక్ష, రిపోర్టు.. ఈ మూడూ ఒకదానితో ఒకటి కలవాలి.

ఇంకో మంచి మాట ఏంటంటే.. పొంగిన డిస్క్ చాలామందిలో కాలక్రమంలో దానంతట అదే కుంచించుకుపోతుంది. సయాటికా ఎక్కువ మందికి ఆపరేషన్ లేకుండానే 6 నుంచి 12 వారాల్లో తగ్గుముఖం పడుతుంది. ఆ టైమ్‌లో నడుముకు దన్ను ఇచ్చే కండరాలను కాపాడుకోవడమే మన పని.

ఈ లక్షణాలుంటే వ్యాయామం కాదు.. వెంటనే ఆస్పత్రికి!

ఈ భాగాన్ని మాత్రం స్కిప్ చేయకండి.

* మూత్రం ఆగిపోవడం, లేదా తెలియకుండానే మూత్రం, మలం పడిపోవడం
* మలద్వారం చుట్టూ, తొడల మధ్య మొద్దుబారిపోవడం
* రెండు కాళ్లలోనూ ఒకేసారి బలం తగ్గడం
* పాదం పైకి లేవకపోవడం, నడుస్తుంటే చెప్పు జారిపోవడం
* నొప్పితో పాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్ వచ్చి ఉండటం
* కింద పడ్డాక, యాక్సిడెంట్ తర్వాత మొదలైన నొప్పి

మొదటి మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా అది ఎమర్జెన్సీ. వెన్ను చివర ఉండే నరాల గుత్తి నలిగిపోతుండొచ్చు. గంటలు గడిచేకొద్దీ నష్టం పెరుగుతుంది, అది శాశ్వతంగా మిగిలిపోవచ్చు. తెల్లారాక చూద్దాంలే అనుకోకూడదు.

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. గోడ పక్కన నిలబడి ముందు మడమల మీద పది అడుగులు, తర్వాత మునివేళ్ల మీద పది అడుగులు నడవండి. ఒక కాలు సహకరించకపోతే నరం బలహీనపడి ఉండొచ్చు. అప్పుడు ముందు డాక్టర్‌ను కలవాలి, వ్యాయామం సంగతి ఆ తర్వాత. గర్భిణులు, ఈ మధ్యే ఆపరేషన్ అయినవారు, ఎముకలు గుల్లబారినవారు కూడా డాక్టర్‌ను అడిగాకే మొదలుపెట్టాలి.

కోర్ అంటే సిక్స్ ప్యాక్ కాదు

కోర్ అనగానే చాలామందికి సినిమా హీరోల పొట్ట గుర్తొస్తుంది. కానీ పైకి కనిపించే ఆ పలకలు కోర్‌లో ఒక భాగం మాత్రమే. పొట్ట చుట్టూ లోపల నడికట్టులా ఉండే కండరం, వెన్నుపూసలను పట్టి ఉంచే చిన్న చిన్న కండరాలు, పైన ఊపిరి తీసుకునే డయాఫ్రమ్, కింద కటి భాగపు కండరాలు.. ఇవన్నీ కలిసి ఒక డబ్బాలా పనిచేస్తాయి. పిరుదుల కండరాలు దానికి బయటి నుంచి సపోర్ట్. ఈ డబ్బా గట్టిగా ఉంటే బరువు మొత్తం డిస్క్ మీద పడదు.

1996లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ పరిశోధకులు పాల్ హాడ్జెస్, కరోలిన్ రిచర్డ్‌సన్ ఒక విషయం గమనించారు. మామూలు మనిషి చెయ్యి ఎత్తితే, చెయ్యి కదిలే ముందే పొట్ట లోపలి కండరం బిగుసుకుంటుంది. అంటే వెన్ను ముందుగానే రెడీ అయిపోతుంది. నడుం నొప్పి ఉన్నవారిలో మాత్రం ఆ బిగింపు ఆలస్యంగా వచ్చింది. అందుకే ఈ వ్యాయామాల్లో బరువులు ఎత్తడం కన్నా, కండరాన్ని సరైన టైమ్‌లో బిగించడం, కాసేపు అలాగే నిలపడం నేర్చుకోవడం ముఖ్యం.

అసలు సూత్రం: నొప్పి ఎటు వెళ్తోంది?

వ్యాయామం మొదలుపెట్టే ముందు గమనించాల్సిన ఆ ఒక్క విషయం ఇదే. నొప్పి ఎంత ఉందన్నదే కాదు, ఎటు కదులుతోందన్నది చూడాలి.

దీని వెనక ఓ కథ ఉంది. 1956లో న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో రాబిన్ మెకంజీ అనే ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి కాలి నొప్పితో ఒక పేషెంట్ వచ్చాడు. లోపలికెళ్లి బల్ల మీద బోర్లా పడుకోమన్నారు. ఆ బల్ల తల వైపు పైకి లేపి ఉందని ఎవరూ చూసుకోలేదు. ఆ మనిషి నడుం వెనక్కి వంగినట్టుగా కొన్ని నిమిషాలు అలాగే ఉండిపోయాడు. మెకంజీ కంగారుగా వచ్చి అడిగితే, కాలి నొప్పి పోయిందని జవాబు! నొప్పి కాలి నుంచి వెనక్కి నడుంలోకి వచ్చేయడం మంచి సూచన అన్న ఆలోచన అక్కడి నుంచే పెరిగింది.

దీన్ని మీరూ వాడుకోవచ్చు. వ్యాయామం చేస్తుంటే పాదంలో ఉన్న నొప్పి పిక్కకు, పిక్కలోది పిరుదుకు, పిరుదులోది నడుముకు చేరుతోందా? నడుంలో కాస్త పెరిగినట్టు అనిపించినా కంగారు పడొద్దు, దారి సరైనదే. అలా కాకుండా నడుంలోని నొప్పి పిక్కలోకి, వేళ్లలోకి దిగుతుంటే ఆ వ్యాయామం మీకు ఇప్పుడు సరిపడదు. వెంటనే ఆపేయండి. 'ఓర్చుకుంటే తగ్గిపోతుంది' అనే మాట ఇక్కడ పనికిరాదు.

ఇవే ఆ 5 వ్యాయామాలు

కింద చాప గానీ, యోగా మ్యాట్ గానీ పరుచుకోండి. మంచం పరుపు మీద వద్దు, నడుం కిందికి కుంగిపోతుంది. ఊపిరి బిగబట్టకండి. బీపీ ఉన్నవారు ఈ మాట ఇంకా గుర్తుంచుకోవాలి. ఈ ఐదింటిలో 3, 4, 5 నంబర్లవి కెనడాలోని వాటర్‌లూ యూనివర్సిటీలో వెన్ను మీద ఏళ్ల తరబడి పనిచేసిన ప్రొఫెసర్ స్టువర్ట్ మెక్‌గిల్ ప్రాచుర్యంలోకి తెచ్చినవి. వెన్ను మీద తక్కువ భారం వేసి, కండరానికి ఎక్కువ పని చెప్పడమే వీటి ప్రత్యేకత.

1. పొట్ట బిగింపు: వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. పాదాలు నేల మీదే ఉండాలి. ఎవరో సరదాగా పొట్ట మీద గుద్దబోతున్నారు అనుకోండి, అప్పుడు పొట్ట ఎలా బిగుస్తుందో అలా కొంచెం బిగించండి. పూర్తి బలంతో కాదు, మూడో వంతు చాలు. మామూలుగా ఊపిరి తీసుకుంటూ 10 సెకన్లు నిలపండి. 5 సార్లు చేయండి. మాట్లాడలేకపోతున్నారంటే ఎక్కువ బిగించారని అర్థం. మిగతా నాలుగింటికీ పునాది ఇదే.

2. బ్రిడ్జ్: అదే పొజిషన్‌లో పొట్ట బిగించి, మడమలతో నేలను నొక్కుతూ పిరుదులను పైకి లేపండి. భుజాల నుంచి మోకాళ్ల దాకా ఒకే గీతలా ఉండాలి. అంతకన్నా పైకి లేపితే నడుం విల్లులా వంగుతుంది, అది వద్దు. 5 సెకన్లు ఉంచి మెల్లగా దించండి. 8 సార్లు. పని పిరుదుల్లో తెలియాలి. తొడ వెనక కండరం పట్టేస్తుంటే మడమలను కాస్త దగ్గరికి తెచ్చుకోండి.

3. మెక్‌గిల్ కర్ల్ అప్: ఇది సిట్ అప్ కాదు. వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడవండి, రెండో కాలు చాపండి. కాలు చాపితే లాగుతుందంటే రెండూ మడుచుకోవచ్చు. రెండు అరచేతులూ నడుం వంపు కింద పెట్టండి. ఆ వంపు నేలకు అతుక్కోకూడదు. తల, భుజాలు మాత్రం నేల నుంచి కొంచెం, కింద ఒక పేపర్ దూరేంత లేపితే చాలు. గడ్డం ఛాతీకి ఆనకూడదు. 5 నుంచి 10 సెకన్లు. 5 సార్లు. మెడ నొప్పి ఉన్నవారు దీన్ని వదిలేసి, పొట్ట బిగింపే ఇంకో విడత చేయాలి.

4. సైడ్ బ్రిడ్జ్: ఒక పక్కకు తిరిగి పడుకోండి. మోచేయి భుజం కిందికి రావాలి. మోకాళ్లు మడిచే ఉంచి, మోకాలు, మోచేయి ఆధారంగా నడుమును పైకి లేపండి. 5 నుంచి 10 సెకన్లు. రెండు వైపులా 4 సార్లు. కాళ్లు చాపి చేసేది తర్వాతి మెట్టు, తొందర వద్దు. భుజం నొప్పి ఉంటే గోడ పక్కన నిలబడి, మోచేయి గోడకు ఆనించి ఒరిగినట్టు చేయొచ్చు.

5. బర్డ్ డాగ్: పసిపిల్లలు పాకే పొజిషన్‌లోకి రండి. పొట్ట బిగించి కుడి చెయ్యి ముందుకు, ఎడమ కాలు వెనక్కి చాపండి. నడుం మీద నిండు నీళ్ల గ్లాసు పెట్టారనుకోండి, అది ఒలకకూడదు. కాలు పిరుదు ఎత్తు దాటి పైకి లేవకూడదు. 5 నుంచి 10 సెకన్లు ఉంచి వైపు మార్చండి. ఒక్కో వైపు 5 సార్లు. నరం లాగుతుంటే చెయ్యి మాత్రమే, లేదా కాలు మాత్రమే చాపండి. మోకాళ్ల కింద మడిచిన టవల్ పెట్టుకోవచ్చు.

పది సెకన్లే ఎందుకు? ఎక్కువసేపు బిగిస్తే కండరానికి రక్తం, ఆక్సిజన్ సరిగ్గా అందవు. అలసిపోయిన కండరం పనిని పక్క కండరం లాక్కుంటుంది, పొజిషన్ చెడిపోతుంది. అందుకే 10 సెకన్లు దాటించొద్దు, వదిలి మళ్లీ పట్టుకోండి. బలం పెరిగేకొద్దీ సెకన్లు కాదు, సార్లు పెంచాలి.

నేల మీద కూర్చోలేని పెద్దవాళ్లు ఏం చేయాలి?

మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మలు, తాతయ్యలు కింద కూర్చుంటే లేవడమే పెద్ద పని. వారికి వంటగది గట్టు చాలు. గట్టు మీద రెండు చేతులూ ఆనించి, ఒక అడుగు వెనక్కి వేసి, శరీరం వాలుగా తిన్నగా ఉండేలా 10 సెకన్లు నిలబడాలి. గట్టిగా ఉన్న కుర్చీలోంచి చేతులు ఆనించకుండా 8 సార్లు లేచి కూర్చోవడం కూడా పిరుదులకు, తొడలకు మంచి వ్యాయామం.

పెద్దవారిలో ఇంకో తేడా కనిపిస్తుంది. కాస్త దూరం నడవగానే రెండు కాళ్లూ బరువెక్కి, కూర్చుంటే లేదా ముందుకు వంగితే హాయిగా అనిపిస్తే అది వెన్ను లోపలి దారి ఇరుకైపోవడం కావొచ్చు. వీళ్లకు వెనక్కి వంగే భుజంగాసనం లాంటివి నొప్పి పెంచుతాయి. డిస్క్ పొంగిన కుర్రాళ్లలో చాలామందికి ముందుకు వంగడమే పడదు. ఒకరికి పనికొచ్చింది ఇంకొకరికి పనికిరాదని అనేది ఇందుకే. ఇక నడుస్తుంటే పిక్క పట్టేసి, కూర్చోకుండా ఊరికే నిలబడినా తగ్గిపోతుంటే రక్తనాళాల సమస్య ఉందేమో చూపించుకోవాలి. షుగర్ ఉన్నవారు, సిగరెట్ తాగేవారు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

ఇవి మాత్రం ప్రస్తుతానికి ఆపేయండి

* సిట్ అప్స్, రెండు కాళ్లూ కలిపి ఒకేసారి పైకి లేపడం
* నిలబడి వంగి కాలి వేళ్లు పట్టుకోవడం
* నిద్ర లేచిన మొదటి గంటలో ముందుకు వంగే వ్యాయామాలు. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, అప్పుడు వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ
* నడుం మీద ఎక్కి తొక్కించుకోవడం, ఎవరో నరం సరిచేస్తామంటే నడుం విరిపించుకోవడం

మరి బెల్టు సంగతి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబర్‌లో దీర్ఘకాలిక నడుం నొప్పిపై మార్గదర్శకాలు ఇచ్చింది. నడుం బెల్టులను, ట్రాక్షన్‌ను మామూలుగా వాడొద్దని చెప్పింది. వ్యాయామం వైపే మొగ్గు చూపింది. 2020లో ప్రపంచవ్యాప్తంగా 61.9 కోట్ల మంది నడుం నొప్పితో బాధపడ్డారని, 2050 నాటికి ఆ సంఖ్య 84.3 కోట్లకు చేరొచ్చని అంచనా. ఆపరేషన్ తర్వాతో, ఎముక విరిగినప్పుడో డాక్టర్ బెల్టు పెట్టమంటే అది వేరే విషయం.

15 నిమిషాలు సరే.. మిగతా రోజంతా?

పొద్దున 15 నిమిషాలు చేసి, రోజంతా నడుమును హింస పెడితే లాభం ఉండదు. నీళ్ల బకెట్ ఎత్తేటప్పుడు నడుం కాదు, మోకాళ్లు వంచండి. బకెట్‌ను ఒంటికి దగ్గరగా ఉంచి, పొట్ట బిగించి లేవండి. ఒకే చేత్తో నిండు బకెట్ మోసే బదులు రెండు చేతుల్లో సగం సగం మోయండి. గ్యాస్ సిలిండర్‌లో గ్యాసే 14.2 కిలోలు, దానికి ఇనుము బరువు అదనం. ఎత్తొద్దు, దొర్లించండి లేదా ఇంకొకరిని సాయం పిలవండి.

ఆఫీసులో, ఆటోలో, కుట్టు మిషన్ దగ్గర కూర్చునేవారు అరగంటకోసారి లేచి రెండు నిమిషాలు నిలబడాలి. వరి నాట్లు, కలుపు తీత లాంటి పనుల్లో గంటల కొద్దీ వంగి ఉండక తప్పదు. అలాంటివారు మధ్య మధ్యలో లేచి, నడుం మీద చేతులు పెట్టుకుని ఐదారుసార్లు మెల్లగా వెనక్కి వంగాలి. తుమ్ము వచ్చినప్పుడు ముందుకు వంగిపోకుండా గోడనో, టేబుల్‌నో పట్టుకుని పొట్ట బిగించండి. వంగి తుమ్మి నడుం పట్టేసినవారికి ఈ చిట్కా విలువ తెలుస్తుంది.

వీటికి నడక కలిస్తే ఇంకా మంచిది. ఆస్ట్రేలియాలో నడుం నొప్పి ఒకసారి వచ్చి తగ్గిన 701 మందిపై జరిపిన అధ్యయనం 2024లో వెలువడింది. అందులో కొందరికి వారానికి 5 రోజులు, రోజుకు అరగంట నడిచే స్థాయికి మెల్లగా చేరేలా నేర్పించారు. వారికి నొప్పి మళ్లీ రావడానికి సగటున 208 రోజులు పట్టింది. అది నేర్పని వారికి 112 రోజులే. ఖర్చు లేని వైద్యం అంటే ఇదే మరి. ఒకేసారి అరగంట నడవలేకపోతే పదేసి నిమిషాలు మూడుసార్లు నడవండి.

ఎన్నాళ్లకు గుణం కనిపిస్తుంది?

మూడు రోజులు చేసి 'ఏం తగ్గలేదు' అని మానేసేవారే ఎక్కువ. కండరం అలా మాట వినదు. కనీసం 6 వారాలు, రోజు తప్పకుండా చేయాలి. మొదటి వారం 1, 2 నంబర్లు మాత్రమే చేయండి. కాలి నొప్పి కిందికి దిగకపోతే రెండో వారం నుంచి మిగతావి ఒక్కొక్కటిగా కలపండి. నొప్పి తగ్గాక కూడా వారానికి మూడు నాలుగు రోజులు కొనసాగించాలి. తగ్గింది కదా అని ఆపేస్తే నడుం మళ్లీ మొదటికే వస్తుంది.

కోర్ వ్యాయామాలే సర్వరోగ నివారిణి అనుకోవడం కూడా పొరపాటే. కోర్ వ్యాయామాలను మిగతా వ్యాయామాలతో పోల్చిన పరిశోధనల్లో పెద్ద తేడా కనిపించలేదు. యోగా, ఈత, నడక.. ఏదైనా సరే, మీకు నచ్చి మీరు మానకుండా చేసేదే మీకు పనిచేసే వ్యాయామం. కోర్ వ్యాయామాల సౌలభ్యం ఏంటంటే వాటికి జిమ్ అక్కర్లేదు, ఫీజు అక్కర్లేదు. ఒక చాప, 15 నిమిషాలు ఉంటే సరిపోతుంది. వీలైతే మొదట ఒకటి రెండుసార్లు ఫిజియోథెరపిస్ట్ ఎదురుగా చేసి, పొజిషన్ సరిగ్గా ఉందో లేదో చూపించుకోండి.

6 వారాలు శ్రద్ధగా చేసినా కాలి నొప్పి అలాగే ఉంటే, లేదా తిమ్మిరి పెరుగుతుంటే, రాత్రిళ్లు నిద్ర పట్టకపోతే ఇంట్లో ప్రయోగాలు ఆపి స్పెషలిస్ట్‌ను కలవండి. రేపు పొద్దున చాప పరిచినప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే.. నొప్పి పైకి వస్తుంటే కొనసాగించండి, కిందికి దిగుతుంటే ఆపేయండి.